నేనెక్కితేనే మోగే బండి

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి. చేయి కూడా మెల్లగా కదులుతుంది, అందుకే పొట్టిగా రాస్తున్నాను.

మా ఆయన ఎగోన్‌కి దూరప్రయాణాల మోటార్‌సైకిల్ ఒకటి ఉండేది. గాలి కొట్టకుండా ముందు ఎత్తైన అద్దం, రెండు పక్కలా పెట్టెలు, వెనక నాకు పడక్కుర్చీ లాంటి సీటు. జూన్ వచ్చిందంటే జర్మనీలో, ఐఫెల్ కొండప్రాంతంలో ఉన్న మా ఇంటికి తాళం వేసి ఆల్ప్స్ కొండలెక్కేవాళ్లం. మలుపుల్లో ఆయన ఎటు ఒరిగితే నేనూ అటే ఒరిగేదాన్ని. కొండమీద హోటల్లో తినడానికి ఏమేం ఉన్నాయో ఆయన చదివి చెబితే నేను ఎంచుకునేదాన్ని. మిగతా ఏడాదంతా కేకుల దుకాణంలో గిన్నెలు కడిగానంటే ఆ ప్రయాణం కోసమే.

ఒక వసంతంలో బండికి శబ్దం పట్టుకుంది. వేగం తొంభై దాటగానే ముందెక్కడో జుయ్‌మని, సీసాలో కందిరీగ పడ్డట్టు. తగ్గిస్తే ఆగుతుంది. పెంచితే మళ్లీ మొదలు.

ఎగోన్‌కి చప్పుళ్లు పడవు. ఇంట్లో ఫ్రిజ్ గుర్రుమంటే దాని కింద అట్టముక్క దూర్చేదాకా నిద్రపోడు. బండినంతా విప్పి షెడ్డులో పరిచాడు. అద్దం కింద రబ్బరు పెట్టాడు. పెట్టెల తాళాలకి గుడ్డ చుట్టాడు. మళ్లీ బిగించి, నన్ను ఎక్కించుకుని రోడ్డెక్కాడు. నేను వెనకనుంచి చేయి చాపి అందినచోటల్లా నొక్కి చూశాను. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అక్కడే రోగం ఉన్నట్టు. ఎక్కడ నొక్కినా ఆగలేదు.

ఒకరోజు ఆయన ఒక్కడే ఓ చుట్టు తిరిగొచ్చాడు. హెల్మెట్ తీసి నా దగ్గరికొచ్చాడు.

"చెబితే నొచ్చుకుంటావు."

"చెప్పు."

"నేనొక్కణ్నే వెళ్తే మోగట్లేదు రోస్వీ. నువ్వెక్కితేనే."

నేను నమ్మలేదు. ఇంటిముందు రోడ్డు మీద అటూ ఇటూ జోరుగా నడిపి చూపించాడు. నిజమే, ఇంజిను చప్పుడు తప్ప ఏమీ లేదు. మర్నాడు నన్ను ఎక్కించుకుని వెళ్లాడు. కందిరీగ హాజరు.

వెనక బరువు పడితే ముందుభాగం తేలుతుందనీ, అందుకే ఏదో అదురుతోందనీ వివరించాడు. నేను రొట్టె మీద వెన్న మానేశాను. ఆదివారం కేకు మానేశాను. జబ్బు చేసిందా అని దుకాణంలో అడిగారు. ప్యాంటు జారిపోయేంత చిక్కి, ఎక్కి కూర్చున్నాను. మోగింది. బూట్లు బరువేమో అన్నాడు ఎగోన్. బూట్లు మార్చాను.

జూన్ వచ్చింది.

"ఈ మోతతో ఆల్ప్స్ దాకా అంటే నాకు పిచ్చెక్కుతుంది. ఈసారికి నేనొక్కణ్నే వెళ్లొస్తాను. దీని సంగతి తేలనీ, వచ్చే ఏడు ఇద్దరం."

గొంతులో బాధ ఉంది. నేనే ఓదార్చాను. రొట్టెలూ జున్నూ పొట్లం కట్టిచ్చి గేటు దగ్గర చెయ్యూపాను.

మరుసటి ఏడూ అంతే. ఆ పై ఏడూ అంతే. వసంతం రాగానే నన్ను ఎక్కించుకుని పరీక్షించేవాడు, అది మోగేది, ఇద్దరం నిట్టూర్చేవాళ్లం. ఖాళీగానే ఉందిగా, నీ సీటు అద్దెకిస్తావా అని పక్కింటి గుడ్రున్ వేళాకోళం చేసేది. నవ్వేసి లోపలికొచ్చేదాన్ని. లోపలికొచ్చాక నవ్వు ఉండేది కాదు.

ఆ తర్వాతి వసంతంలో, పరీక్ష అయిన మర్నాడే, ఎగోన్ తుంటి ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరాడు. బండి తనిఖీకి గడువు దగ్గరపడింది. తీసుకెళ్లడానికి పక్క ఊరి మెకానిక్ సిల్కె వచ్చింది. ఎగోన్ ఇంట్లో ఉంటే తన బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. ఇదే అదను అనుకున్నాను. ఆయన తిరిగొచ్చేసరికి శబ్దం పోతే, కాలు బాగుపడ్డాక ఇద్దరం వెళ్లొచ్చు. సిల్కెని బతిమాలాను.

ఆమె ఒక్కతే ఓ చుట్టు తిరిగొచ్చింది.

"అమ్మో, చెవులు తూట్లు పడ్డాయండీ."

"ఒక్కళ్లెక్కితే మోగదే," అన్నాను.

సిల్కె నవ్వింది. "ఎక్కిందెవరో బండికేం తెలుసు రోస్విత గారూ?"

టార్చి వేసి, అద్దానికి ముందువైపు, దీపం పైకి వంగింది. ఎంతోసేపు పట్టలేదు. అద్దాన్ని పట్టి ఉంచే బోల్టు ఒకటి వదులైందట. పానా పెట్టింది. పెట్టి ఆగిపోయింది.

"దీన్ని ఇదివరకు ఎవరు చూశారు?"

"ఎగోన్ తప్ప ఎవరూ ముట్టరు."

"బిగించేస్తాను. మీరు లోపలికెళ్లి కాఫీ పెట్టండి." నా మొహంలోకి చూడలేదు.

ఆమె చేతిలోంచి టార్చి తీసుకున్నాను.

ఎగోన్ ఏ బోల్టు బిగించినా దాని తల మీంచి పక్కనున్న ఇనుము మీదకి తెల్లరంగుతో సన్నటి గీత గీస్తాడు. బోల్టు కదిలితే గీత విరిగి కనిపించాలని. బండి మొత్తం అలాంటి గీతలే, ఒక్కో బోల్టుకి ఒక్కొక్కటి. ఈ బోల్టు పక్కన మాత్రం ఇనుము మీద రెండున్నాయి. పూర్తిగా బిగిసే చోట ఒకటి, కాస్త వదులయ్యే చోట ఇంకొకటి. రెండింటి దగ్గరా ఆయన పొందికైన చిన్న అక్షరాలు.

బిగుతు గీత దగ్గరున్న మాట చదవడం నాకు రాలేదు, కానీ వదులు గీత దగ్గరున్నది అప్పట్లో నాకు రాయడం వచ్చిన ఒకే ఒక్క మాట: రోస్విత.

రోస్విత క్లాసెన్
డెబ్బై ఒక్క ఏళ్లు
ప్రస్తుతం ట్రియర్ నగరంలో