నాలుగో గది లేబుల్

“ఇంకా కనపడటం లేదట!” అంటూ లేబులమ్మ ఫోను బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద కోసం. నిజానికి విసిరింది.

ఆఫీసులో ఆమెకు ఆ పేరు తగిలించింది మేనేజరే. ఒక ఆస్పత్రి కోసం ఆమె తయారు చేసిన ప్రోగ్రాములో ఉన్నది ఒకే ఒక్క ఫారం, అంటే తెర మీద తెరుచుకునే ఒక పేజీ. గుమస్తా బటన్ నొక్కితే, తరవాత లోపలికి వెళ్ళవలసిన రోగి పేరు ఫారం మీది లేబుల్ అనే అక్షరాల పెట్టెలో కనిపిస్తుంది. అంతే. ఎనిమిది గదులకూ అదే ఫారం. గదుల నంబర్లు తప్ప ఆమెకూ ఆ ఆస్పత్రికీ వేరే పరిచయం లేదు. ఏడుగురు గుమస్తాలు చూసి, బాగుందని సంతకాలు పెట్టేశారు. నాలుగో గది గుమస్తా మాత్రం మూడు వారాలుగా ఆమె ప్రాణాలు తోడేస్తున్నాడు.

“ఏడుగురికి కనపడింది ఈయనొక్కడికే ఎందుకు కనపడదండీ?”

“నన్నడిగితే నేనేం చెప్పను? ఆస్పత్రిలోనే ఉన్నాడుగా, కళ్ళ డాక్టరుకి చూపించుకోమను,” అన్నాడు మేనేజరు. “శుక్రవారం సాయంత్రానికి ఎనిమిదో సంతకం రావాలి. రాకపోతే నీ ఉద్యోగం పర్మినెంటు చెయ్యమని పైవాళ్ళని నేనడగలేను.”

ఉద్యోగం ఖాయమైపోయిందని ఆమె తల్లి అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పేసింది.

గుమస్తా మొదటిసారి అడిగినప్పుడు లేబులమ్మ నవ్వుతూనే అక్షరాల సైజు పన్నెండు నుంచి ఇరవై నాలుగు చేసింది. మర్నాడే ఫోను, పేర్లు సగమే వస్తున్నాయని. వెడల్పు చాలక పొడుగు పేర్లు తెగిపోతున్నాయి. అక్షరాలను బట్టి లేబుల్ దానంతటదే సాగేలా పెట్టింది. అది సాగి సాగి బటన్ మీదెక్కి కూర్చుంది. బటన్ను కిందికి జరిపితే ఈసారి ఒత్తుల తోకలు తెగాయి. కింద ఖాళీ పెంచింది. నలుపు అక్షరాలు ఆనడం లేదన్నాడు. నీలం వేసి, దాని మీద తెల్లటి అక్షరాలు పెట్టింది. తన తెర మీద ముత్యాల్లా ఉన్నవి ఆ మహానుభావుడి దగ్గరికి వెళ్ళగానే ఎందుకు మాయమైపోతాయో ఆమెకు అంతు పట్టలేదు.

సైజు డెబ్భై రెండు చేసిన రోజున కూడా ఆయన సంతృప్తి పడలేదు.

“ఇంకాస్త పెద్దవి కావాలమ్మా. గది చివర్నించి కూడా కనపడాలి.”

“గది చివర్నించా? అక్కణ్ణించి ఎందుకండీ చూడటం?”

“మా గది సంగతి మీకు తెలిసిందేగా...” అంటూ ఆయన ఇంకేదో చెప్పబోయాడు. అంతలో ఎవరో వచ్చినట్టున్నారు, ఫోను పెట్టేశాడు.

సీట్లో కుదురుగా కూర్చోకుండా గదంతా తిరుగుతూ కబుర్లు చెప్పే రకం కాబోలనుకుంది లేబులమ్మ. అలాంటి మనిషి చేతిలో తన ఉద్యోగం ఇరుక్కున్నందుకు ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది.

గురువారం మధ్యాహ్నం విసుగు ముదిరి ఆమెకొక ఆలోచన వచ్చింది. ఇన్ని తిప్పలూ తెచ్చిపెట్టింది ఆ లేబుల్. దాన్ని ఫారం మీంచి పీకి పారేస్తే? సాయంత్రం దాకా కూర్చుని ఆ పని పూర్తి చేసింది. శుక్రవారం ఉదయం పెన్ డ్రైవ్ పర్సులో వేసుకుని మొదటిసారి ఆస్పత్రికి బయల్దేరింది. సిబ్బంది లిఫ్టెక్కి, వెనక తలుపు తోసుకుని నాలుగో గదిలోకి వెళ్ళింది.

గుమస్తాకు యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు లేదు. మందు సీసా మీది చీమ తలకాయంత అక్షరాలను గడగడా చదివేస్తున్నాడు. అది చూడగానే లేబులమ్మకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళు దివ్యంగా ఉన్నాయి! అంటే మూడు వారాలూ కావాలని ఏడిపించాడన్నమాట. పైగా కంప్యూటర్ తెర ఆయన వైపు లేదు. ఎదుట రోగులు కూర్చున్న కుర్చీల వైపు తిప్పి ఉంది.

“ఇలా అటు తిప్పి పెట్టుకుంటే మీకేం కనపడుతుందండీ? దీనికోసమా నన్నింత సతాయించారు?” అంటూ ఆమె తెరను ఆయన వైపు తిప్పింది.

“అటే ఉండాలమ్మా,” అని ఆయన నెమ్మదిగా మళ్ళీ తిప్పేశాడు.

మొండిఘటం అనుకుంది లేబులమ్మ. ఇక వాదించదలచుకోలేదు. పెన్ డ్రైవ్ పెట్టి, పాత ప్రోగ్రాము తీసేసి కొత్తది ఎక్కించింది. ఫారం మీద బటన్ ఒక్కటే మిగిలింది.

“అక్షరాలేవమ్మా?” ఆయన మొహం పాలిపోయింది.

“చిన్నవన్నారు, తెగాయన్నారు, ఆనట్లేదన్నారు. మీతో నేను పడలేనండీ, లేబులే తీసేశాను. ఇకనుంచి రోగి పేరు కంప్యూటరే పైకి చదివి పిలుస్తుంది. నొక్కి చూడండి.”

ఆయన ఏదో చెప్పబోయేలోగా ఆమే నొక్కింది. స్పీకరులోంచి ఒక పేరు ఖంగున మోగింది. పక్క గది నర్సు ఉలిక్కిపడి తొంగి చూసింది.

“చూశారా ఎంత స్పష్టంగా ఉందో! మిగతా ఏడు గదులవాళ్ళూ ఇదే కావాలంటారు చూడండి. సంతకం పెడతారా మరి?” అంటూ లేబులమ్మ కాగితం ఆయన ముందుకు తోసింది. తర్వాత కుర్చీల వైపు చూసి విసుక్కుంది. “అదేమిటండీ, అంత గట్టిగా పిలిస్తే ఒక్కరూ లేవరే?”

“ఇది చెవిటివాళ్ళని చూసే గదమ్మా.”