ఎదురుకాళ్ళ జయచంద్ర

ఆదివారం ఉదయం ఏడున్నరకు మోటార్‌సైకిల్ వచ్చి ఇంటి ముందు ఆగింది. వెనక కూర్చున్న రెబెకా దిగలేకపోయింది. భర్త జోయల్ స్టాండు వేసి, చంకల కింద పట్టుకుని ఆమెను దించాడు.

వరండాలో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్న జయచంద్ర వాళ్ళను చూశాడు. రెబెకా ఎడమ పాదం నేలకు రాసుకుంటూ రావడం చూశాడు.

బంగారుపాళ్యం చుట్టుపక్కల ఎవరికి నడుము పట్టేసినా ఆ ఇంటికే వస్తారు. జయచంద్ర ఎదురుకాళ్ళతో పుట్టాడు. తల్లి కడుపులోంచి ముందు కాళ్ళు వచ్చాయి, తర్వాత తల. అలా పుట్టినవాళ్ళ కాలు మూడుసార్లు తగిలితే పట్టు వదులుతుందని నమ్మకం. అడిగినవాళ్ళను కాదనకూడదు.

"సర్చి ఎగ్గొట్టి వచ్చినారా?" జయచంద్ర భార్య పంకజాక్షి చాప తెచ్చి మంచం పక్కన పరిచింది.

"మా పాస్టరుకు పట్టుకున్నా ఈడికే గదక్కా వచ్చింది," అన్నాడు జోయల్.

రెబెకా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. లారీ దగ్గర వంగి కాయల ట్రే ఎత్తాలి. అలాగే నడుము తిప్పి బెల్టు మీద పెట్టాలి. రోజుకు మూడు నాలుగు వందల ట్రేలు. సీజను ఇంకా నెల ఉంది. రేపు వెళ్ళకపోతే మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకుంటాడు.

"నొప్పి ఎన్ని దినాలుగా మ్మా?" జయచంద్ర అడిగాడు.

"వారమన్నా. రెండు సూదులు ఏయించినాము. నిన్నట్నుంచి రెండు కాళ్ళకూ దిగింది."

"వచ్చేటప్పుడు బండి సీటు తెలిసిందా నీకు?"

"లేదన్నా. దూది మీద కూసున్నట్టు ఉండాది."

జయచంద్ర భార్య వైపు చూశాడు. పంకజాక్షి వంగి రెబెకా చెవిలో ఏదో అడిగింది. రెబెకా తల దించుకుని జవాబు చెప్పింది.

"రాత్రి నుంచి ఒంటేలు రాలేదంట," అంది పంకజాక్షి. "నీళ్ళు తక్కువ తాగుంటుంది."

జయచంద్ర రెండు చేతులతో మంచం పట్టెను పట్టుకున్నాడు.

"జోయల్, ఇది పట్టు గాదబ్బా. పట్టయితే నా కాలు పెట్టినా పెట్టకపోయినా నాలుగు దినాలకు అదే పోతాది. వెన్ను కింద గుర్రం తోక మాదిరి నరాల కుచ్చు ఉంటాది. డాక్టరు నాకు బొమ్మ గీసి చూపించినాడు. అది నలిగిపోతాండాది ఈ బిడ్డకి. తిరుపతికి పోండి, పెద్దాస్పత్రికి. ఈ పొద్దే. ఇప్పుడే."

జోయల్ నవ్వాడు. "నీ కాలు మీద నీకే నమ్మకం లేకుంటే ఎట్లన్నా? ఆడికి పోతే స్కానింగంటారు. స్కానింగయినాక ఆపరేషనంటారు. వెన్నులో కత్తి పెట్టినాక మనిషి లేస్తాడా?"

"లేవకుండా పోయేది కత్తితో గాదు. లేటుగా పోయినందుకు."

రెబెకా అప్పటికే చాప మీద మోకాళ్ళు ఆనించింది.

"నన్ను సూడు రెబెకా," అన్నాడు జయచంద్ర. "నా మాట ఇను."

"నిన్ను సూసే వచ్చినానన్నా. పుట్టుకతో వచ్చింది యాడికి పోతాది?"

జయచంద్ర దిండు పక్కనున్న ఫోను తీసి 108 నొక్కాడు. మొదటి రింగుకే జోయల్ దాన్ని చేతిలోంచి తీసుకున్నాడు.

"తప్పనుకోవద్దన్నా," అంటూ కట్ చేసి, రెండడుగుల దూరంలో ఉన్న కిటికీ గూట్లో పెట్టాడు.

జయచంద్ర కిటికీ వైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు.

"పంకజా, నువ్వన్నా చెప్పు."

"వచ్చినోళ్ళను వద్దంటే మనకు మంచిది గాదు. పోయిన వారం మునికుమార్ పాక్కుంటా వచ్చి నడుచుకుంటా పోలేదా?"

"వాడికి కండ పట్టింది. ఈ బిడ్డకు కాళ్ళు పోతాయి. సాయంత్రం దాకా గూడా టైం లేదు."

"మూడుసార్లు తగిలినాక పోతార్లే ఆస్పత్రికి."

"యాడికి పోతాము," అంది రెబెకా. "రేపు పనుండాది."

జోయల్ ఆమె భుజాలు పట్టుకుని మెల్లగా బోర్లా పడుకోబెట్టాడు. ఆమె చెంప చాపకు ఆనింది. పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. కొంగు పక్కకు తీసి నడుము చూపించింది.

"నేను పెట్టను," అన్నాడు జయచంద్ర.

పంకజాక్షి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

"పెట్టనంటే పెట్టను పంకజా. ఈ ఒక్క బిడ్డకు వద్దు."

"నువ్వు ఊరికే ఉండు," అంది ఆమె.

పంకజాక్షి మంచం పక్కన గొంతుకూర్చుని, నాలుగేళ్ళుగా చచ్చుబడి ఉన్న భర్త కుడికాలిని రెండు చేతులతో ఎత్తి, రెబెకా నడుము మీద పెట్టింది.