రెండో అన్నప్రాసన

ప్రయోగశాలలో పెంచిన చిన్నపేగు అమర్చడం మామూలైపోయాక, ఇళ్లల్లో రెండో అన్నప్రాసన ఆచారమైంది. పేగు పాడై ఏళ్ల తరబడి నరంలోకి ఎక్కించే పోషకద్రవంతోనే బతికిన ఇందుమతికి, నలభయ్యో ఏట మేనమామ కామేశం మెత్తటి పప్పన్నం తినిపించాడు.

కొత్త పేగు పిండిపదార్థాన్ని పీల్చుకోగానే ఆమె చేతిపట్టీ మీద పచ్చదీపం వెలిగింది. తర్వాత మాంసకృత్తుల దీపం వెలిగింది. ఉన్నట్టుండి కొవ్వు దీపం ఎర్రబడింది.

"నెయ్యెవరు వేశారండీ? ఆ పేగుకి ఇంకా అంత శక్తి రాలేదు, నెల ఆగమన్నాంగా!" అంది పట్టీనే గమనిస్తూ పక్కన కూర్చున్న నర్సు కంగారుగా.

కామేశం తలదించుకున్నాడు. "నెయ్యి లేని అన్నప్రాసన ఎక్కడైనా ఉంటుందా అమ్మా? ఒక్క చుక్కే వేశాను."

అందరూ చూస్తుండగానే ఎర్రదీపం మెల్లగా పచ్చగా మారింది.

"చుక్కేంటి మామయ్యా, గరిటెడు వేశావు. నాలుక్కి తెలీదా?" అంటూ ఇందుమతి ఇంకో ముద్దకి నోరు తెరిచింది.