ఆనవాలు లేకుండా

"బాగు చేసేశారా? ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

ఫోను స్పీకరులో ఇన్సూరెన్స్ సర్వేయరు గొంతు హాలంతా మోగింది. మామగారితో కలిసి వచ్చిన అల్లుడు ఫోను మీదికి వంగాడు. కారు యజమాని డ్రాయింగు మేష్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"రాయి తగిలి ముందు అద్దం పగిలింది సార్. మార్చే అవసరం లేకుండా నిన్న సాయంత్రం నేనే మేష్టారింటికొచ్చి జిగురు ఎక్కించాను. మచ్చ కూడా లేదు," అన్నాడు అల్లుడు.

"మచ్చ లేకపోతే నేను దేన్ని చూడాలి? ముందు పగులు చూస్తాను. తర్వాత మీరు బాగు చెయ్యాలి. అప్పుడు మళ్లీ చూస్తాను. ఫోటోలైనా తీశారా?"

"బోలెడు తీశాను సార్."

"పగిలినప్పుడా?"

"బాగు చేశాక."

అవతల నిట్టూర్పు వినబడింది.

"ఏమండీ, నేనలా..." మేష్టారి భార్య సంచీ, తాళాలూ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయింది.

"సరే సరే, తర్వాత," అని మేష్టారు చెయ్యి ఊపారు. ఆవిడ వెళ్లిపోయింది.

"మీ వీధిలోనే ఇంకొకరి కారు చూడాల్సిన పనుంది," అన్నాడు సర్వేయరు. "అది చూసుకుని వస్తాను. పగులు కనబడితే క్లెయిము రాస్తాను. లేకపోతే లేదు."

ఫోను ఆగిపోయింది. అల్లుడు మామగారి వైపు చూశాడు.

అద్దాల షాపులో ఉద్యోగం వదిలేసి, కారున్న చోటికే వెళ్లి అద్దం బాగు చేస్తానని బయలుదేరిన మనిషి అతను. వ్యాను మామగారిది. నిన్నమొన్నటి దాకా అది ఫంక్షన్లకు కుర్చీలు మోసింది. మొదటి క్లెయిము పాసైతే వ్యాను అల్లుడిది, కాకపోతే ఇవాళే మళ్లీ కుర్చీలెక్కిస్తానని మామగారి షరతు. అందుకే ఆయన తాళం తన జేబులోనే పెట్టుకుని ఈ బేరానికి వెంట వచ్చి కూర్చున్నారు. అల్లుడికేమో ఈ పనంటే పిచ్చి. జిగురెక్కి పగులు కళ్లముందే మాయమవుతుంటే అన్నం సంగతి కూడా మర్చిపోతాడు. ఇక కుర్చీలు మోస్తూ బతకాలనుకుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"దీనికింత ఆలోచనెందుకు అల్లుడుగారూ?" అన్నారు మామగారు. "మళ్లీ పగలగొట్టండి."

"నా చేత్తో బాగు చేసినదాన్నా?"

"అయితే కుర్చీలు మోస్తారా?"

అల్లుడు సుత్తి వెతుక్కున్నాడు.

"ఇందులో అబద్ధమేముంది?" అన్నారు మేష్టారు. "నిన్న పగిలిన మాట నిజం. ఆ నిజాన్ని తిరిగి దాని చోట్లో పెడుతున్నాం. అంతే."

ముగ్గురూ బయటికొచ్చారు. గేటు ముందు తెల్ల కారు ఎండకు మెరుస్తోంది. అల్లుడు అద్దాన్ని గుడ్డతో తుడిచి, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు వంగి చూశాడు.

"చూశారా మామయ్యగారూ, ఎంత వెతికినా ఆనవాలు లేదు."

మామగారు మొదటిసారి అల్లుణ్ని మెచ్చుకోలుగా చూశారు. "ఇంతకీ పగులు ఎక్కడుండేది?"

మేష్టారు ఒక కన్ను మూసి బొటనవేలితో కొలిచారు. "ఇక్కడ. నక్షత్రంలా ఉండాలి. అయిదు కాళ్లు."

"ఈ కుక్కబొమ్మ నిన్న లేదే," అన్నాడు అల్లుడు, అద్దంలోంచి లోపలికి చూస్తూ.

"మా ఆవిడ రోజుకొకటి తెచ్చి పెడుతుంది. నాకు చెప్పి చేస్తుందా ఏమన్నా?"

అల్లుడు మేకు ఆనించి, కళ్లు మూసుకుని ఒక్కటిచ్చాడు. లోపల కుక్కబొమ్మ చాలాసేపు తలాడించింది.

"నాలుగు కాళ్లే వచ్చాయి," అని మేష్టారు పెదవి విరిచారు.

సుత్తి దాచేసరికి సర్వేయరు వీధి చివర్నుంచి ఫైలు చంకలో పెట్టుకుని నడిచి వస్తున్నాడు.

"పాపం, కంపెనీ బండి కూడా ఇవ్వలేదనుకుంటా," అన్నారు మామగారు జాలిగా.

సర్వేయరు అద్దం ముందుకొచ్చి ఆగిపోయాడు. చంకలో ఫైలు జారి కింద పడింది. వంగి దాన్ని తీసుకుని, పనిలో పనిగా నంబరు ప్లేటు ఒకటికి రెండుసార్లు చదివాడు. ఎదుటివాళ్లు చెప్పేదంతా వినేదాకా తన మాట బయటపెట్టకపోవడం ఆయనకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు.

"ఇది ఎప్పుడు పగిలింది?"

"నిన్న సార్," అన్నారు మేష్టారు. "లారీ చక్రం కింద రాయి ఎగిరొచ్చి తగిలింది. నేనే నడుపుతున్నాను."

"ఈ కారునా?"

"ఆరేళ్లుగా ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. కన్నబిడ్డలా చూసుకుంటున్నాను."

సర్వేయరు నుదుటి చెమట తుడుచుకుని మామగారి వైపు తిరిగాడు. "మీరూ చూశారా?"

"కళ్లారా చూశానండీ. రాయి ఇంతుంది."

"మీరు కూడా కార్లో ఉన్నారా?"

"లేదండీ," అని మామగారు ఒక్క క్షణం తడుముకున్నారు. "లారీలో ఉన్నాను."

సర్వేయరు ముగ్గురి మొహాలూ వరసగా చూశాడు.

"బాగు చెయ్యండి," అన్నాడు. "ఇప్పుడే. నా ఎదురుగా."

అల్లుడు పనిలో దిగాడు. జిగురెక్కించాడు, నీలం దీపం పెట్టాడు, బ్లేడుతో నున్నగా గీకాడు. నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే మాయమయ్యాయి. సర్వేయరు వేలితో తడిమాడు, గోటితో గీరాడు, కళ్లజోడు తీసి మళ్లీ చూశాడు. ఏమీ దొరకలేదు.

"ఇంత బాగా చేసినవాణ్ని నేను చూడలేదు," అన్నాడు. "మీ గురించి మా ఆఫీసులో అంతా చెబుతాను."

అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. మామగారు కళ్లొత్తుకుని, జేబులోంచి వ్యాను తాళం తీసి అల్లుడి చేతిలో పెట్టారు.

సర్వేయరు తన జేబులోంచి తాళం తీసి ఆ కారు తలుపు తెరిచాడు.