పెత్తనం చెల్లెలికి

“ఇప్పుడు బాగున్నారు కాబట్టి అడుగుతున్నాను. జబ్బు తిరగబెట్టి మీరు మీలో లేనప్పుడు, వైద్యానికి ఎవరి మాట వినమంటారు?” అడిగింది మానసిక వైద్యురాలు.

“మా ఆడపడుచు మాట,” అందామె తడుముకోకుండా.

పక్కనే కూర్చున్న భర్తకు ఒళ్ళు మండింది. పోయినసారి రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉన్నది తను. పెత్తనం చెల్లెలికా!

‘ఈయన మీద నమ్మకం లేదు కాబోలు’ అన్నట్టు వైద్యురాలు జాలిగా చూసింది. అది మరీ మండించింది.

“మీ ఇద్దరికీ క్షణం పడదు కదే!” అన్నాడు భార్యతో.

“అందుకే. అప్పుడు నన్ను బలవంతంగానైనా ఆస్పత్రిలో చేర్చాలి. ఏడ్చినా, కాళ్ళు పట్టుకున్నా వినకూడదు. అలా చేర్చిన మనిషి ముఖం నేనింక జన్మలో చూడలేను.”

ఆమె భర్త వైపు తిరిగింది.

“మీ చెల్లెలి ముఖం చూడకపోయినా నాకు రోజు గడుస్తుందండీ.”