ఖాళీ గడి

"టెస్టు మళ్లీ ఫెయిలయింది సార్," అందావిడ.

టీమ్ లీడర్ కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు. "ఈసారి ఏం పంపారు?"

"ఏమీ పంపలేదు."

టీమంతా గొల్లున నవ్వింది.

ఆ ఆఫీసులో తయారయ్యేది రోగికి మందును చుక్కచుక్కగా ఎక్కించే పంపు. తెర మీద నర్సు అంకెలు నింపే భాగమంతా స్క్రిప్టు అనే కొత్త రకం కంప్యూటర్ భాషలో రాశారు. లోపల మోటారును తిప్పేది 'సి' అనే పాత భాషలో రాసిన కోడ్. పైన చెప్పిన మాట కిందికి ఉన్నదున్నట్టు అందుతోందా లేదా చూడటమే ఆవిడ పని. ఏజెన్సీవాళ్లు మూడు నెలలకని పంపారు. యాభై దాటిన మనిషి. రెండు వేళ్లతో టైపు చేసేది.

అందరూ పెద్ద అంకెలు, చిన్న అంకెలు పంపి చూస్తే ఆవిడ ఖాళీలు పంపేది. అందుకే 'ఖాళీ మేడమ్' అని పేరు పడింది. పెట్టింది లీడరే.

"స్క్రిప్టుకి 'ఏమీ లేదు' అనే మాట తెలుసు సార్. సి కోడ్‌కి తెలీదు. దాన్ని సున్నా అనుకుంటోంది."

"అనుకోనివ్వండి. రెండూ ఒకటేగా?"

"కాదు సార్. సున్నా అంటే మందు ఆపమని. ఖాళీ అంటే నేనింకా ఏమీ చెప్పలేదని. అప్పటిదాకా పాతదే నడవాలి కదా."

"ఆ గడి ఖాళీగా ఎవరు వదిలేస్తారండీ?"

"డోసు మారుద్దామని పాత అంకె చెరిపేశాక, పక్క మంచం వాళ్లు కేకేస్తే?"

లీడర్ వాచీ చూసుకున్నాడు. కొత్త పంపు విడుదలకు నాలుగు రోజులే ఉన్నాయి.

"అది నర్సు చూసుకోవాలి. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ మన నెత్తికెత్తుకుంటే ఎలా?"



మర్నాడు ఆ టెస్టు తీసేయమన్నాడు. తీయనంది.

"అయితే రేపట్నుంచి రావద్దులెండి."

గొడవ పడుతుందనుకున్నాడు. ఆవిడ బల్ల తుడిచి, కుర్చీ లోపలికి తోసి, "ఒక్కసారి పంపు మీద పెట్టి చూడండి బాబూ," అని వెళ్లిపోయింది.

ఆ మాట అతన్ని సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉంది. ఇదేదో తేల్చేద్దామని విసుగ్గా ల్యాబులోకి వెళ్లాడు. పంపుకు నీళ్ల సీసా తగిలించి, గంటకు నలభై మిల్లీలీటర్లని నింపాడు. చుక్కలు పడుతున్నాయి. అంకె చెరిపేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చుక్కలు ఆగిపోయాయి.

గంట మోగలేదు. ఎర్రలైటు వెలగలేదు. ఏ పాపం ఎరగనట్టు నిలబడింది పంపు.

లీడర్ ఫోన్ తీశాడు. అప్పటికప్పుడు విడుదల ఆపించాడు. మర్నాడు పొద్దున్నే ఏజెన్సీకి ఫోన్ చేశాడు.

"ఆవిణ్ని మళ్లీ పంపండి. జీతం పెంచుతాను."

"ఇంకెక్కడికీ పంపొద్దన్నారు సార్. ఇన్నేళ్లు కష్టపడి ఇదంతా నేర్చుకుంది మీ ఆఫీసులో ఆ ఒక్క పని కోసమేనట. అదయిపోయిందట."

"ఏం పని?"

"మాకూ చెప్పలేదు సార్."

అతనికి అంతు పట్టలేదు. పాత పంపుల్లోనూ ఇదే కోడ్ కాబట్టి, ఇలాంటి ఫిర్యాదు ఎప్పుడైనా వచ్చిందేమోనని ఫైళ్లు వెతికాడు.

ఒక్కటే దొరికింది. ఆరేళ్ల కిందటిది. పంపు మధ్యలో ఆగిపోయింది, గంట మోగలేదు, రోగి దక్కలేదు. విచారణలో తేలింది: పంపులో లోపం లేదు, నర్సు నిర్లక్ష్యం.

కింద తన సంతకమే. ఆ రోజు ఆ రెండు ముక్కలు రాయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టి ఉండదు.

పేజీ తిప్పాడు.

వెనక జతచేసిన ఆసుపత్రి ఉత్తరంలో, ఆ సంతకం చూసి ఉద్యోగంలోంచి తీసేసిన నర్సు ఎవరో రాసిన చోట, ఖాళీ మేడమ్ పేరుంది.