గేటు బయటి మనిషి

ఆ ముసలాయన అడగలేదు, చెప్పలేదు. ఉషారాణి చేయి పట్టుకుని, మోచేతి పైన ఉన్న తాయెత్తు దారాన్ని కత్తెరతో కత్తిరించేశాడు.

తండ్రి బద్యాకు ఒళ్ళు మండింది.

రెండు చేతులతో ఒక్క తోపు తోశాడు. ముసలాయన వెనక్కి పడ్డాడు. మోచెయ్యి సిమెంటు గట్టుకు కొట్టుకుని రక్తం కారింది.

"మా అమ్మ కట్టింది అది. ముట్టుకోనీకి నువ్వెవడివి?"

ముసలాయన మెల్లగా లేచాడు. ముఖంలో కోపం లేదు.

"నన్ను తర్వాత కొట్టు తమ్మీ. ముందుగాల బిడ్డను పంపు. తాయెత్తు ఉంటే చెకింగుల ఆపుతరు. గేటు మూసేతందుకు ఐదు నిమిషాలే ఉంది."

ఉషారాణి తండ్రి వైపు ఒక్కసారి చూసి, హాల్‌టికెట్ పట్టుకుని పరుగెత్తింది.

బద్యా వంగి, నేల మీద పడిన తాయెత్తును తీసి కళ్ళకద్దుకున్నాడు.

ములకలపల్లి దగ్గరి తండా నుంచి ఖమ్మానికి తెల్లవారక ముందే బయల్దేరారు తండ్రీ కూతుళ్ళు. జూలూరుపాడు దాటాక బస్సు ఆగిపోయింది. గంటల తర్వాత ఇంకో బస్సు దొరికి, ఆటో పట్టుకుని, పరీక్ష రాసే కాలేజీకి చేరేసరికి ఈ వేళయింది.

అది డాక్టరు చదువుకు ఎంట్రెన్స్ పరీక్ష. దానికోసం రెండేళ్ళుగా కూతురితో పాటు బద్యా కూడా చదివాడు. అంటే, చదువు రాని బద్యా ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. ఏ, బీ, సీ, డీ. మోడల్ పేపర్లలో కూతురు పెట్టిన జవాబులను వెనక పేజీలోని జవాబులతో పోల్చడానికి ఆ నాలుగు చాలు. పత్తి చేను నుంచి వచ్చి, స్నానం చేసి, దిద్దడానికి కూర్చునేవాడు. తప్పు కనపడితే బొగ్గుతో గీత పెట్టేవాడు. మొదట్లో పేపరు నిండా నల్లగీతలే. ఈ వేసవికి వచ్చేసరికి వెతికితే గానీ గీత కనపడలేదు.

అట్లాంటి బిడ్డను, పరీక్షకు పోయే ముందు ఎవడో దారినపోయేవాడు కంగారు పెట్టాడని బద్యా బాధ.

గేటు మూశారు. తల్లిదండ్రులందరూ గోడ నీడన చేరారు. ముసలాయన గురించి తలా ఒకమాట అన్నారు. పేరు పగిడయ్యట. ఏ పరీక్ష జరిగినా ఈ గేటు దగ్గరే ఉంటాడట. ఫొటో లేనివాళ్ళకు ఫొటో తీయించుకొస్తాడు, బూట్లతో వచ్చిన పిల్లలకు చెప్పులిస్తాడు. ఏదో ప్రైవేటు కాలేజీ ఏజెంటు అన్నారు కొందరు. కూతురు ఇట్లాంటి పరీక్షకే పోయి మళ్ళీ ఇల్లు చేరలేదట, పాపం, అంది ఒకామె.

బద్యా ఏజెంటు మాటే నమ్మాడు.

కాసేపటికి పగిడయ్య మోచేతికి రుమాలు కట్టుకుని, అందరికీ మంచినీళ్ళ ప్యాకెట్లు పంచుతూ వచ్చాడు. బద్యా ముఖం తిప్పుకున్నాడు. పగిడయ్య ఒక ప్యాకెట్ బద్యా పక్కన పెట్టి ముందుకు పోయాడు.

సాయంత్రం ఉషారాణి బయటికి వచ్చింది. పరీక్ష ఎట్లా రాశావని బద్యా అడగక ముందే ఆమె అటూ ఇటూ చూసింది.

"ఆ తాత ఏడి బాపూ? నా ముందున్న పిల్లను, చేతికి దారమున్నదని పక్కకు నిలబెట్టిన్రు. నేను లోపల కాలు పెట్టుడు, ఎనక గేటు ఏసుడు. ఆయన కొయ్యకుంటే నేను బయటనే."

బద్యా గుంపులో వెతికాడు. పగిడయ్య కనపడలేదు. బస్సు వేళవుతోందని వెళ్ళిపోయారు.

ఉషారాణికి సీటొచ్చింది, ఖమ్మంలోనే. చేరేముందు కాలేజీ చూసుకుందామని ఇద్దరూ వచ్చారు. హాస్టలు, లైబ్రరీ, పెద్ద పెద్ద క్లాసు గదులు అన్నీ తిరిగారు. బద్యా ఒక బల్ల మీద కూర్చుని చూసి, ఎవరైనా చూస్తారేమోనని చప్పున లేచాడు.

తర్వాత ఆటోవాణ్ణి ఆ పరీక్ష జరిగిన కాలేజీకి పొమ్మన్నాడు. చేతిసంచిలో, తాయెత్తు కట్టిన తన తల్లి సక్రి పంపిన అడవి తేనె సీసా ఉంది. ఏమని మొదలుపెట్టాలో దారిపొడవునా అనుకుంటూనే వచ్చాడు.

గేటు ఎదురుగా టీ కొట్టు. నడిపే ఆమె ముత్తక్క. పగిడయ్య ఎక్కడుంటాడని అడిగితే ఆమె గ్లాసులు కడగడం ఆపింది.

"పోయిండన్నా. నెల దాటింది. జ్వరమొచ్చి పది దినాలు దవాఖానల ఉన్నడు. ఎవ్వరూ రాలే. ఆటోస్టాండోళ్ళే సాగనంపిన్రు."

బద్యా బెంచీ మీద కూలబడ్డాడు.

"నేను తోసిన. కింద పడ్డడు. నెత్తురొచ్చింది."

"నువ్వేనా? ఆ దినం చెప్పిండు నాకు. 'పిల్ల లోపలికి పోయింది ముత్తక్కా' అని మస్తు సంబరపడ్డడు. దెబ్బ సంగతి నేను అడిగేదాక యాదికే లేదు."

బద్యా తల దించుకున్నాడు. ఉషారాణి కళ్ళు తుడుచుకుని, గోడ నీడన విన్నానని తండ్రి చెప్పిన మాట గుర్తొచ్చి, ఆయన బిడ్డ పేరేమిటని, ఆమెకు ఏం జరిగిందని అడిగింది.

ముత్తక్క కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆయనకు పిల్లల్లేరమ్మా. ఇల్లు చేరంది వేరేటోళ్ళ బిడ్డ. ఆరేండ్ల కింద, నిమిషం లేటుగ ఉరికొచ్చిన ఆ పిల్ల తన కాళ్ళు పట్టుకున్నా వినకుండ, గీ గేటుకు తాళమేసిన వాచ్‌మన్ ఆయన."